అక్క ఆపిన మట్టి

మా పక్కింటి అక్క పోయింది. ఆ రోజు పొద్దున్నే వాళ్ల కోడలు వచ్చి చెప్పింది, నిద్రలోనే పోయిందని. ఏడుపు కంటే ముందు నాకు ఫికరే పట్టుకుంది. ఆ మట్టిని ఇక ఎవరు చూస్తారు?

ఆమెను మీరు ఎరగరు కాబట్టి చెబుతున్నాను. బెల్లంపల్లిలో మా ఇళ్ల వెనక డీజిల్ బంకు ఉండేది. భూమిలో ట్యాంకు కారి, డీజిల్ మా పెరళ్లలోకి దిగింది. అక్క వేసిన బెండ మొక్కలు నల్లబడ్డాయి. బావినీళ్ల మీద రంగులు తేలాయి. బంకు మూసేశాక దాని యజమాని మనుషులను పంపి, ఆ మట్టి తవ్వించి ట్రాక్టరుకెత్తించాడు. ఊరవతల ఎవరో ఇంటి బేస్‌మెంటులో నింపుకోవడానికి అడిగారట. ఊరికే వచ్చే మట్టిని ఎవరు వద్దంటారు?

అక్క ట్రాక్టరు ముందు పీట వేసుకుని కూర్చుంది.

"మా పీడ ఇంకోలింట్ల పోస్తవా బిడ్డా? ఆళ్లకు పిల్లల్లేరా?"

మరి నీ ఇంట్లో పోయాలా అని డ్రైవరు వెక్కిరించాడు.

"నా ఇంట్లనే పొయ్యి. నాకైతే ఎరుకైన కంపాయె."

అలా ఆ మట్టంతా ఆమె పెరట్లోనే గుట్టగా పడింది. డీజిల్ విరిగే దారి వ్యవసాయ ఆఫీసులో అడిగి వచ్చి, పెంట ఎరువు, తడిపిన పొట్టు కలిపి పారతో తిరగేసేది. మట్టికి కూడా గాలాడాలనేది. మట్టి బాగైందా అని మెంతులు చల్లి చూసేది. అవి మొలిచి, పసుపెక్కి వాలిపోయేవి. మళ్లీ పార పట్టేది. కంపు భరించలేక వాడకట్టులో ఆమెతో మాటలు మానేశారు. ఎవరైనా అటు బీడీ కాలుస్తూ పోతే గుట్ట అంటుకుంటుందేమోనని నాకు ఫికరు.

"నీ ఫికరంత కుప్ప పోస్తే ఇంకో గుట్టయితది చెల్లె," అని నవ్వేది.

మొన్న వానాకాలం గుట్టకు ఒక అంచున మెంతికూర పచ్చగా నిలబడింది. నన్ను పిలిచి చూపించింది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఇంక శాన ఉన్నది. గందాక నా పానం ఉండాలె గదా."

ఉండలేదు. దినాలు కాగానే వాడకట్టువాళ్లు ట్రాక్టరు పిలిపించారు. కోడలు అడ్డు చెప్పలేదు. తన చంటిపిల్ల దగ్గుతో ఉంది, ఆమెను ఏమనగలం? మట్టి ఇంకా బాగుపడలేదని డ్రైవరుకు నేనే చెప్పాను. వానలు పడితే వాసన పోతుందని, జర పక్కకు జరగమని అన్నాడు.

ఎక్కడ పోశారో అడిగి తెలుసుకుని మర్నాడు వెళ్లాను. మళ్లీ ఒక కొత్త ఇల్లే. ఆ ఇంటామెకు అంతా చెప్పాను. ఆమె వంగి పిడికెడు తీసి వాసన చూసింది.

"కొత్త మట్టి గట్లనే ఉంటదమ్మా," అంది.

నీళ్లు చల్లడం మొదలుపెట్టింది. మట్టి అణగాలని ఆమె ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుని, ఒట్టి కాళ్లతో దాని మీద ఎగురుతున్నారు.