మైకుసెట్టు సదానందం కొన్న డబ్బా

మెట్‌పల్లి చుట్టుపక్కల నడివయసు దాటిన వాళ్ళను అడిగి చూడండి, సగం మంది పెళ్ళిళ్ళు సదానందం చేతుల మీదుగా జరిగినవే. పురోహితుడనుకునేరు, కాదు, మైకుసెట్టు. వేపచెట్టు కొమ్మకో, పెంకుటింటి కొప్పుకో హారన్ కట్టి, సన్నాయి రికార్డు పెట్టి, చేతికొక తువ్వాల ఇచ్చి ఎవరినో ఊరి చివరికి పంపేవాడు. పాట వినిపిస్తే ఆ మనిషి తువ్వాల ఊపాలి. ఊపకపోతే హారన్ దిక్కన్నా మారాలి, చప్పుడన్నా పెరగాలి. పొలిమేరలో తువ్వాల ఊగాకే ఆయన చాయ్ ముట్టేది. మైకంటే ఊరందరికీ వినపడాలన్నది ఆయన వేదం.

అలాంటి మనిషి ముసలితనంలో దుకాణం అమ్మేసి, కరీంనగర్‌లో చిన్న ఇల్లు చూసుకుని, మంచి రికార్డు ప్లేయరొకటి కొన్నాడు. అక్కడితో ఆగితే మనకు ఈ కథ లేదు. రికార్డు మీద సూది తీసే చప్పుడు చీమ నడకంత. దాన్ని యాంప్లిఫయర్‌కు అందేంత పెంచి, రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన మంద్ర స్వరాలను మళ్ళీ నింపి పంపడానికి మధ్యలో ఒక డబ్బా కావాలి. ఫోనో ప్రీయాంప్ అంటారు. మామూలుది ఎక్కడైనా దొరుకుతుంది. సదానందానికి మాత్రం అన్నిటికన్నా మేలైనది కావాలి. దాని ఖరీదు నేను చెప్పను. చెబితే ఆయన చుట్టాలకు ముద్ద దిగదు.

తన ఒక్కడి సరదాకే అయితే ఆయన అంత పట్టుపట్టేవాడు కాదు. అదంతా భార్య వినోద కోసం. ఆమె సిరిసిల్లలో సాంచాల నడుమ పుట్టింది. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచె అంటారు. చిన్ననాటి నుంచి సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టీ చుట్టీ, ఆ టకటకలకు ఆమె చెవులు సగం పాడయ్యాయి. అలాంటి చెవులతో చిక్కేమిటంటే, మెల్లని మాట అందదు, గట్టి చప్పుడేమో ముల్లులా గుచ్చుతుంది. అందుకే మొగుడు ఇంట్లో ఏ పాట పెట్టినా ఆమె దొడ్లోకి నడిచేది. మొన్న చెవుల డాక్టరు, మిగిలిన వినికిడి కూడా మెల్లమెల్లగా పోతుందని చెప్పేశాడు. అది పోకముందే ఒక్క రికార్డు, దానిలో ఒక్క వైపన్నా, ఆమె పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినాలి. సదానందం ఆశ అంతే. ఏ రికార్డో కూడా అనుకునే ఉన్నాడు, తమ పెళ్ళిలో పెట్టిన సన్నాయి రికార్డు.

ఆ పెళ్ళి ముచ్చట చెప్పకపోతే ఆయన మీకు అర్థం కాడు. తన పెళ్ళికి ఇంకొకరి మైకు పెట్టించడం నామోషీ అనుకుని తన సెట్టే పెట్టుకున్నాడు. సరిగ్గా తలంబ్రాల వేళ సన్నాయి ఠక్కున ఆగింది. మైకు మిషన్‌లో గాజు వాల్వు పోయింది. పెళ్ళికొడుకు చేతిలో బియ్యం పళ్ళెంలో పడేసి, పీటల మీద నుంచి లేచి, నుదుటి మీద బాసింగంతోనే ఉరికాడు. కొత్త వాల్వు వేసి వచ్చేసరికి పెళ్ళికూతురు దోసిట్లో బియ్యంతో అలాగే కూర్చుని ఉంది. పెళ్ళి చేయించే అయ్యగారికి కోపమొచ్చి ఇక రికార్డు మళ్ళీ పెట్టనివ్వలేదు. ఆ సన్నాయి మిగతా భాగం వినోద ఇంతవరకూ వినలేదు. ఎత్తిపొడవాలంటే మాత్రం ఆమెకు ఆ ఒక్క సంగతి చాలు.

రికార్డుల పిచ్చిలో ఆయనకు దోస్తయిన గ్రానైట్ వ్యాపారి ఓంప్రకాశ్, వాల్వులతో చేసిన ప్రీయాంప్ తియ్యగా పాడుతుందని ఎన్నోసార్లు నచ్చజెప్పబోయాడు.

"వాల్వుల పేరెత్తకు సేటూ. గవి నన్ను పీటల మీదికెళ్లి లేపినయి. ట్రాన్సిస్టర్లదే కావాలె" అన్నాడు సదానందం.

ఒక ఆదివారం పగటిపూట ఓంప్రకాశ్ రెండు డబ్బాలు పట్టుకొచ్చాడు. నల్లది ఆయన సొంతం. వెండిరంగుది హైదరాబాద్ దుకాణం వాళ్ళు విని చూడమని ఇచ్చింది. రెండూ ట్రాన్సిస్టర్లవే. సదానందం వినోదను బతిమిలాడి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. నల్ల డబ్బాకు తీగలు కలిపి, ఆ పెళ్ళి సన్నాయి రికార్డు మీద సూది దించి, భుజం మీద తువ్వాల సర్దుకుని చరచరా బయటికి నడిచాడు. గల్లీ చివర కిరాణా దుకాణం దగ్గర నిలబడి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. తిరిగొచ్చి వెండి డబ్బా కలిపి మళ్ళీ అక్కడికే వెళ్ళాడు. ఓంప్రకాశ్ గుమ్మంలో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అంత ఖరీదైన వస్తువును గల్లీ చివర నిలబడి ఎంచుకున్నవాడు ఈ భూమ్మీద ఇంకొకడుంటాడని నేననుకోను.

"నల్లదే మంచిగున్నది" తేల్చేశాడు సదానందం. "దుకాణం దాక సాఫ్ వినొచ్చింది. ఇంకోటి గడప దాటలే."

"కాకా, గిది పెండ్లి పందిరి కాదు. ఇంట్ల వినేదానికి బజార్ల నిలవడి చూస్తరా ఎవలన్న?" అన్నాడు ఓంప్రకాశ్. "నల్లదాంట్ల మీట ఎక్కువకు పెట్టున్నది, గందుకే గట్టిగొచ్చింది. గట్టిగుంటె మంచిగున్నట్టా?"

సదానందం జవాబు చెప్పబోతూ కిటికీ వైపు చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. వినోద దొడ్లో పీటేసుకుని పుంటికూర తెంపుతోంది.

"ఎందుకు లేసొచ్చినవే?"

"చెవులల్ల పొడిచినట్టయితుంది. నువ్వు విను, నాకు పనున్నది" అంది ఆమె తలెత్తకుండా.

సదానందానికి సిగ్గేసింది. ఊరవతల తువ్వాల పట్టుకున్నవాడికి వినపడిందా అని బతుకంతా చూసుకున్నాడు. ఇంట్లో ఉన్న మనిషికి ఎలా వినపడుతుందో ఒక్కనాడూ అడగలేదు.

నాకు ఆయనంటే గౌరవం పుట్టింది ఇక్కడే. తప్పు తెలిశాక మనలో చాలామందిమి గొంతు పెంచుతాం. ఈయన లోపలికి వచ్చి, "రెండిటిని ఒక్క తీరు పెట్టు సేటూ, జర మెల్లగ" అన్నాడు. తర్వాత మందుల డబ్బాలోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకుని వినోద కుర్చీలో కూర్చున్నాడు. వినోదకు ఎలా వినపడుతుందో అదే కొంతలో కొంత తెలుస్తుందని ఆయన లెక్క. ఓంప్రకాశ్ నవ్వబోయి ఆపుకున్నాడు.

చప్పుడు సమానం చేశాక కథ తిరగబడింది. నల్లదాంట్లో సన్నాయి కింద సుయ్యిమని సన్నని రొద ఉంది, పాత రికార్డు గీతలు చిటపటమని ముందుకొచ్చి పడుతున్నాయి. దూదిలోంచి వింటే ఆ చిటపటలే మిగిలి సన్నాయి మునిగిపోతోంది. వెండిదాంట్లో రొద లేదు. గీతలు ఉన్నా వెనక్కి తగ్గాయి, సన్నాయి మాత్రం మెల్లగానే అయినా విడిగా, నిండుగా వినిపించింది. సదానందం పట్టు వదలని మనిషి. దూది తీసి విన్నాడు, పెట్టుకుని విన్నాడు, డబ్బాలు మార్పించి మార్పించి ఓంప్రకాశ్‌కు చేతులు నొప్పి పుట్టించాడు. గల్లీ చివరికి మాత్రం మళ్ళీ పోలేదు. చివరికి వెండి డబ్బా మీద చెయ్యి పెట్టి, ఇదే ఉంచమన్నాడు.

తర్వాత దొడ్లోకి వెళ్ళాడు. "ఇంకొక్కసారి రాయే. ఈసారి నేను బజార్లకు పోను, నీ పక్కనే కూసుంట."

వినోద నమ్మకం లేకుండానే వచ్చింది. లేచి పోవడానికి వీలుగా కుర్చీ అంచున కూర్చుని, పుంటికూర ఒళ్ళో పెట్టుకుంది. సదానందం సూది దించి పక్కన స్టూలు వేసుకున్నాడు. సన్నాయి మొదలైంది. ఆయన సన్నాయి వినడం లేదు, ఆమె కాళ్ళనే చూస్తున్నాడు, కదులుతాయేమోనని. కాళ్ళు కదల్లేదు. కాసేపటికి ఆకు తెంపే చేతులు కూడా ఆగాయి.

"ఊదెటాయన ఊపిరి తీసుకునుడు వినొస్తుంది" అంది వినోద మెల్లగా.

సదానందం తలూపాడు. మాట్లాడితే ఎక్కడ లేచిపోతుందోనని భయం. రాగం మెట్టుమెట్టుగా పైకి పోతుండగా ఆమె ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"గీడనే ఆగింది."

"ఏంది?"

"మన పెండ్లిల. దోసిట్ల బియ్యం పట్టుకొని వినుకుంట కూసున్న. నువ్వు ఉరికినవు. గీడనే ఆగింది."

ఆ రోజు వాల్వు మార్చిన సదానందానికి కూడా ఎక్కడ ఆగిందో తెలియదు. ఆమె ఇన్నేళ్ళూ ఆ చోటు మనసులో పెట్టుకుందని అంతకన్నా తెలియదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తువ్వాల అందుకోవాలన్నా చెయ్యి ఆమె పట్టులో ఉంది.

సన్నాయి ఆగలేదు. ఈసారి సదానందం కూడా లేవలేదు.