ఏకగ్రీవం వద్దన్న అనసూయ గారు

అనసూయ గారు ఇక లేరన్న వార్త నిడదవోలు స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోన్‌లో విన్నాను. సంఘం సమావేశానికి ఎందుకు రాలేదని ముందురోజే నాతో దెబ్బలాడిన మనిషి! ఎక్కవలసిన రైలు వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే కూలబడ్డాను.

రాజమండ్రి దగ్గరి మా విశ్వవిద్యాలయంలో ఆమె వృక్షశాస్త్ర ఆచార్యులు. అయితే ఆమెను చిరస్మరణీయురాలిని చేసింది క్యాంపస్ నివాసుల సంఘం. నీళ్లు, వీధి దీపాలు, క్వార్టర్ల మరమ్మతులు చూసే ఆ సంఘానికి ఒకప్పుడు ఎన్నికలే లేవు. పెద్దలు టీ తాగుతూ పేర్లు అనుకునేవారు, మిగతావాళ్లం చప్పట్లు కొట్టేవాళ్లం. దానికి ఏకగ్రీవమని పేరు, పైగా అదొక పరువు. మెస్సులో వండేవారు, తోటమాలులు అక్కడే కాపురమున్నా వారికి సభ్యత్వమే లేదు.

"సగంమందిని బయట నిలబెట్టి, అందరూ ఒప్పుకున్నారంటే ఎలాగండీ?" అని ఆమె నిండు సభలో నిలదీశారు. ఏళ్ల తరబడి అదే ప్రశ్న. విసుక్కున్నవారి ఇళ్లకు కడియం నర్సరీల నుంచి గులాబీ మొక్కలు పట్టుకెళ్లి మరీ వాదించేవారు. మొక్క పుచ్చుకున్నాక తలుపు వేయడం ఎవరి తరం? చివరికి అందరికీ ఓటు వచ్చింది.

ఆ మొదటి ఎన్నికలోనే ఆమె అధ్యక్ష పదవికి పోటీచేసి, మెస్సులో వంటచేసే మరియమ్మ చేతిలో ఓడిపోయారు. ఓదార్చబోతే నవ్వేశారు. "ఓడిపోయే వీలైనా వచ్చింది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు. తరువాతిసారి గెలిచారు. కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు.

సంతాప సభలో మరియమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. అప్పుడొక పెద్దాయన లేచి, ఖాళీ అయిన స్థానాన్ని అనసూయ గారి భర్త సత్యనారాయణ గారికి ఏకగ్రీవంగా అప్పగించడమే సముచితమైన నివాళి అన్నారు. దుఃఖంలో ఉన్నామేమో, అందరం చప్పట్లు కొట్టేశాం.

సత్యనారాయణ గారు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచారు.

"మీ అభిమానానికి దణ్ణమండి. కానీ ఇలా చప్పట్లతో ఆ కుర్చీలో కూర్చుంటే, ఇంటికెళ్లి ఆవిడ ఫోటోకేసి ఎలా చూడనండి? ఎన్నిక పెట్టండి. నేనూ నిలబడతాను. మరియమ్మ గారూ, మీ వాళ్లలోనూ ఎవరినైనా నిలబెట్టండి."

సభలో ఎవరూ తల ఎత్తలేకపోయారు.

వచ్చే వారం పోలింగ్. మీరు సాధించిన ఓటు వేయడానికి మేమందరం వస్తాం, అనసూయ గారూ. ఎవరికి వేశారని ఏనాడూ అడగక, వేశారా లేదా అని దెబ్బలాడటానికి ఆ గుమ్మంలో మీరు మాత్రం ఉండరు.