చూశాను, అట, అయ్యుంటుంది

మా చిన్నప్పుడు చర్చి నుంచి ఇంటికొచ్చే కాలువ గట్టే మాకు రెండో బడి... సాయంత్రం చర్చి వరండాలో చదువు అయ్యాక దేవదానం మాస్టారు సైకిలు నడిపించుకుంటూ ముందు, మేం పిల్లలం వెనక.

గట్టు మీద తడి అడుగులు కనిపిస్తే ఆగి, ఎవరివని అడిగేవారు. మా బాబాయివండి, ఇప్పుడే కాలవ దాటాడు అన్నాను ఒకసారి.

"చూశావా అమ్మాయ్?"

"లేదండి."

"మరేమనాలి?"

"దాటుంటాడండి."

ఆయన పెట్టిన రూలు అదొక్కటే. కళ్ళతో చూస్తే 'చూశాను'. ఎవరైనా చెబితే 'అట'. బుర్రపెట్టి తేల్చుకుంటే 'అయ్యుంటుంది'. ఒకదాని చోట ఇంకోటి వాడితే గట్టు చివరిదాకా ఆయన సైకిలు నెట్టాలి. నేను చాలాసార్లు నెట్టాను...

మా నాన్న రత్నం, ఊరి కామందు గారి చేలకు నీళ్ళు కట్టేవాడు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలువ నీళ్ళు వంతుల ప్రకారం వచ్చేవి. తర్వాతి వంతు ఎవరిదో వాళ్ళు ముందురోజే తూము పక్కన పార గుచ్చి వెళ్ళేవారు. అది మా వైపు అందరికీ తెలిసిన పద్ధతే.

ఒకరోజు తెల్లారేసరికి తూము తాళం పగిలి ఉంది. వంతు రాకుండానే కామందు గారి చేను నిండింది. నీళ్ళందని దిగువ రైతులు ఆయన అరుగు ముందుకొచ్చి గొడవకు దిగారు. నాకేం తెలీదు, ఇది మా రత్నం పనే అన్నారాయన. తూము పక్కన నాన్న పార ఉందిగా మరి.

ముందురోజు మధ్యాహ్నం పార గుచ్చి వచ్చిన నాన్న సాయంత్రానికే జ్వరంతో పడ్డాడు. తెల్లవార్లూ నా పక్కన దుప్పటి కప్పుకుని వణికాడు. అది నేను చూశాను.

మాస్టారు రోజూ తెల్లవారుజామున ఆ గట్టు మీదే నడిచేవారు కాబట్టి ఆయన్ని సాక్ష్యానికి పిలిచారు. నాకు ధైర్యం వచ్చింది. పార కనిపించిందంటారు, అంతే కదా అనుకున్నాను.

"రత్నం తూము దగ్గరే ఉన్నాడండి. చూశాను," అన్నారు మాస్టారు.

మా చర్చి మనిషి, నాకు అక్షరాలు దిద్దించిన మనిషి... నేను జనంలోంచి దూరి వెళ్ళి ఆయన చొక్కా పట్టుకున్నాను.

"చూశారా మాస్టారూ? ఉండుంటాడా?"

ఆయన నా చెయ్యి విడిపించుకున్నారు. "పెద్దవాళ్ళ మధ్య నీకేంటమ్మా," అన్నారు. నా ముఖం వంక చూడలేదు.

నాన్న పని పోయింది. పెద్దాపురం వెళ్ళి రైసు మిల్లులో బస్తాలు మోశాడు. మళ్ళీ ఎవరి చేనుకూ నీళ్ళు కట్టలేదు. నా చదువు పదితో ఆగింది. ఫోన్లు బాగుచేయడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు రాజమండ్రిలో షాపులో పని. ఫోను విప్పితే లోపల తుప్పు ఉంటుంది. 'నీళ్ళలో పడుంటుందండి' అంటాను. 'మీరే పడేశారు' అనను. మాస్టారు మాట తప్పారు గాని ఆయన రూలు మాత్రం నన్ను వదల్లేదు... అదే నాకు మంట.

మాస్టారికి సన్మానమట. ఆయన గురించి తలా నాలుగు మంచి ముక్కలు రాయాలట. ఊరి గ్రూపులో పెట్టారు. ఇదిగో, రాశాను.

ఆ రోజు ఆయన చూసింది ఒట్టి పారే అయ్యుంటుంది. కామందు గారి మేడ మీద అద్దె లేకుండా ఉండేవారు, అందుకే అలా చెప్పుంటారు. ఆయన మనసులో ఏముందో చూశానని మాత్రం నేను అనను. మాస్టారూ, నేను మీ దగ్గరే చదువుకున్నాను.

అప్పట్లో పిల్లలం ఒక్క మాట తప్పితే సైకిలు నెట్టాల్సి వచ్చేది... ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, చూడకుండానే చూశామనేవాళ్ళే అంతా. ఎవరి చేతా ఎవరూ సైకిలు నెట్టించరు.

మీ ఇంట్లోవాళ్ళ మీద కూడా ఎవరైనా అలా 'చూశాను' అన్నారా... ఉంటే కింద రాయండి. మీరు అయ్యుంటుందనుకున్నది మాత్రం అయ్యుంటుందనే రాయండి.