చదవనిదే సంతకం పెట్టని మనిషి

మా ఓనరమ్మ పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఇంటికి తెస్తున్నాం, మనుషులు వస్తారు, మీ షాపు షట్టర్ ముందు కుర్చీలు తీసేయండి అన్నాడు. నేను తీయలేదు. హైటెక్ సిటీలో ఏదో ఆఫీసు నుంచి మా దగ్గరికి రిపేరుకు వచ్చిన, కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీలు అవి. వాటినే శుభ్రంగా తుడిచి, చందానగర్‌లో ఆమె ఇంటికీ మా షట్టర్‌కూ ఒక్కటే అయిన వాకిట్లో వరసగా వేశాను. ఆ వాకిలి గేటు వైపు కాస్త వాలుగా ఉంటుంది. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు కాళ్లు నేలకు తన్నిపెట్టినా నిలవలేక మెల్లగా గేటు వైపు జారిపోతున్నారు. ఆమే ఉంటే చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

అటువంటి మనిషిని మేము మాయ చేసి సంతకం పెట్టించుకున్నామని ఇప్పుడు ఆ తమ్ముడు వచ్చినవాళ్లందరితో అంటున్నాడు. అందుకే ఇది చెబుతున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. ఒక్క ముక్క కూడా మెత్తబరచొద్దని చెప్పాను.

మా ఓనరమ్మది గుంటూరు వైపు. మేడ మీద ఆమె, కింద షట్టర్‌లో మా తల్లీకూతుళ్ల కుర్చీల రిపేరు. సీట్లు కుట్టేది నేను, మిగతావన్నీ చూసుకునేది నా బిడ్డ. ఇన్నేళ్లు ఒకే గేటులోంచి వచ్చిపోయినా ఆమె నన్ను "ఏమండీ" అనడం మానలేదు. నేనామెను "అక్కా" అనడం మానలేదు. కిరాయి చేతికిస్తే నోట్లు లెక్కపెట్టకుండా కళ్లకద్దుకునేది. కాగితం ఇస్తే మాత్రం కళ్లజోడు తెచ్చుకునేది. శనగపిండి పొట్లం కట్టిన పేపరు ముక్కనైనా చదివే పారేసేది.

గొడవంతా కరెంటు బిల్లు దగ్గర మొదలైంది. కుర్చీ చక్రాలు, కుర్చీని పైకీ కిందికీ లేపే హైడ్రాలిక్ రాడ్డులు మేము బజార్లో కొనేవాళ్లం. అవి చైనా నుంచి వచ్చేవే. మధ్యలో ఎంతమంది చేతులు మారేవో. మనమే తెప్పించుకుందామని నా బిడ్డ పట్టుబట్టింది. సరుకు దిగేటప్పుడు కట్టిన పన్ను తర్వాత లెక్కలో కలవాలంటే జీఎస్టీ నంబరు ఉండాలట. ఒక పెద్ద ఆఫీసు వాళ్లు కూడా తమ కుర్చీల పనంతా మాకే ఇస్తామన్నారు, కాని నంబరు ఉంటేనే. ఆ నంబరు రావాలంటే షట్టర్ ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం, ఆమె పేరున కరెంటు బిల్లు పెట్టాలని ఆడిటరు చెప్పాడు.

అడగ్గానే ఓనరమ్మ మొహం మారిపోయింది.

"షట్టర్ అద్దెకిచ్చానండి. ఇల్లు రాసివ్వలేదు."

"ఏందక్కా గిట్లంటవ్? బిల్లు జిరాక్సు అడిగిన గని నీ ఇంటి పట్టా అడిగిన్నా?"

"ఆ జిరాక్సేనండి ఇంటి తాళంచెవి."

ఆమె భయం వట్టిది కాదు. మాకంటే ముందున్నవాడు ఇలాగే కాగితం తీసుకుని, వ్యాపారం ఏదో చేసి, ఒక రోజు చెప్పకుండా మాయమయ్యాడు. పన్ను ఆఫీసువాళ్లు నోటీసులు ఈ గేటుకు అంటించి పోయారు. అప్పటికి బతికున్న ఆమె పెనిమిటి చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇదంతా విని కూడా నేను తగ్గలేదు. "ఆడు దొంగ అయితే నేను దొంగనా?" అన్నాను. ఆమె తలుపు వేసుకుంది. వీధిలో ఖాళీ షట్టర్లన్నీ అడిగి చూశాం. కిరాయికైతే రమ్మన్నారు. కాగితం మాట ఎత్తగానే అందరూ తలుపులే వేశారు.

ఆ తర్వాత ఓనరమ్మ ఒక పని మొదలుపెట్టింది. బియ్యం చేట పట్టుకుని కిందికి దిగి, మా షట్టర్‌లో స్టూలు మీద కూర్చుని రాళ్లు ఏరేది. కళ్లు మాత్రం మా మీదే. ఒక రోజు ఒకాయన విరిగిన రాడ్డు తెచ్చి, కొత్తది వద్దు, వెల్డింగ్ పెట్టించి ఇమ్మన్నాడు.

"లోపల గ్యాస్ ఉంటది, వెల్డింగ్ పెట్టిన రాడ్డు పేల్తది సారూ. దాని మీద మీ అమ్మను కూసోబెడ్తవా?" అన్నాను.

"నా డబ్బు, నా ఇష్టం."

"నీ ఇష్టమే. గది ఇంకో దుకాణంల చెప్పు."

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. ఓనరమ్మ చేటలోంచి తలెత్తకుండానే, "బేరం పోయిందిగా" అంది. "పోతే పోనీ" అన్నాను. ఆమె చేట దులుపుకుని మేడెక్కింది.

మర్నాడు పొద్దున బిల్లు తనే తెచ్చింది. ఒప్పుదల కాగితం ఇంగ్లీషులో ఉంది. ఒక్కో వాక్యం చదివి, నాకు తెలుగులో చెప్పి, "అర్థమైందా అండీ?" అని అడిగి, అప్పుడు కింది వాక్యానికి వెళ్లింది. ఒకచోట ఆగిపోయింది. "ఇందులో ఇల్లంతా రాశారేంటి? నేనిచ్చింది షట్టరేగా?" అంది. నా బిడ్డ మళ్లీ టైపు చేయించి తెచ్చేదాకా పెన్ను పట్టలేదు. మాయ చేసి పెట్టించుకున్నామంటున్న సంతకం అదే.

ఆమె పెట్టిన షరతులు కూడా చెప్పాలి. నంబరు రాగానే బోర్డు మీద వీధి చివరికి కనబడేంత పెద్దగా రాయించాలట. "రేపు మీరు పారిపోతే ఆ నంబరు పట్టుకుని వెతుక్కుంటానండి" అంది, నవ్వకుండానే. నాకు చదువు రాదు కాబట్టి బోర్డు పెట్టినరోజు తనే నాకు చదివి వినిపిస్తుందట. రెండోది, నంబరు ఇచ్చే ముందు తనిఖీకి ఆఫీసరు వస్తే తనే మాట్లాడాలి. "సంతకం పెట్టి తలుపేసుకుంటే అదేం సంతకమండీ" అంది.

ఆఫీసరు ఫలానా రోజు వస్తాడని ఎవరూ చెప్పరు. ఆమె రోజూ ఇస్త్రీ చీర కట్టుకుని, కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని, మా కుర్చీ ఒకటి గేటు దగ్గర వేయించుకుని కూర్చునేది. ఎండ పడితే కుర్చీని కాళ్లతో నెట్టుకుంటూ నీడలోకి జరిగేది. లోపలికి పో అక్కా, వస్తే పిలుస్తా అంటే వినేది కాదు. రెక్క పట్టుకుని లోపల కూర్చోబెట్టాల్సింది. అందరి మీదా చెల్లే నా నోరు ఆమె మీద చెల్లలేదు.

జ్వరమని దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి ఫోన్ చేసింది. "వచ్చారా అండీ ఆఫీసరు?"

"రాలే అక్కా. నువ్వొచ్చినంకనే రమ్మంట."

అదే ఆఖరు మాట. ఆమె ఇల్లు చేరింది, మాట లేకుండా.

ఆఫీసరు వచ్చాడు, ఇంట్లో ఇంకా దీపం వెలుగుతుండగానే. చిన్నవాడు. ఫోటో చూసి చెప్పులు విడిచాడు. ఓనరు ఎవరని అడిగితే తమ్ముడు ముందుకొచ్చాడు. "మా అక్క పోయిందండి. ఆ కాగితంతో మాకు సంబంధం లేదు."

"ఇప్పుడు ఇల్లు ఎవరికొస్తే వాళ్లు మళ్లీ రాసివ్వాలమ్మా. లేదంటే ఉన్నది ఉన్నట్టు రాస్తాను" అన్నాడు ఆఫీసరు నాతో.

"ఏం తమ్మీ, అక్క ఇచ్చిన మాటకు తమ్మునికి సంబంధం లేదా?" అన్నాను.

"ఆ నోటీసుల రోజుల్లో బావ వెనక తిరిగింది నేనేనండి. మళ్లీ తిరగలేను" అన్నాడు. ఆఫీసరు ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు.

దరఖాస్తు కొట్టేశారు. ఆ పెద్ద ఆఫీసు పని వేరేవాళ్లకు పోయింది. సరుకు పంపవద్దని నా బిడ్డ చైనా వాళ్లకు చెప్పింది.

తమ్మీ, ఇది ఎవరో ఒకరు నీ దాకా తెస్తారు. కాగితం ఇవ్వకపోతే మానె, ఖాళీ చేయమన్నరోజు చేస్తాం. నీ భయం మీ అక్కకూ ఉండేది. భయం ఉండీ ఇచ్చింది, చదివి ఇచ్చింది. మాయలో పడిందన్న మాట మాత్రం వెనక్కి తీసుకో.

నిన్న మీటరు చూసేవాడు వచ్చాడు. మిషన్‌లోంచి బిల్లు చింపి, అలవాటు ప్రకారం గేటు దగ్గర నిలబడి ఆమె పేరు పెట్టి కేకేశాడు. మేడ మీద తాళం ఉంది. కుడుతున్న సీటు పక్కన పెట్టి, "వస్తున్న" అని నేనే పలికాను.