చెల్లదని నేను చెప్పిన కార్డు

ఇది ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నాను. గుడ్డల మూటలెత్తి ఎత్తి భుజం మొద్దుబారినట్టు, నాకూ లోపలెక్కడో మొద్దుబారింది. ఈమధ్య మళ్ళీ నొప్పి తెలుస్తోంది. మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పబోతే మధ్యలో మాట మార్చేస్తాను. ఆ విద్య నాకు పుట్టుకతో వచ్చింది.

మాది అనకాపల్లిలో బట్టల కొట్టు. నాన్న, చిన్నాన్నలు, మేనమామలు అందరూ కొట్లవాళ్ళే. మా ఇళ్ళలో పిల్లలకి అక్షరాలకన్నా ముందు బేరం వస్తుంది. అందులో అన్నిటికన్నా పెద్ద ఎత్తుకి మేం పెట్టుకున్న పేరు ‘మెట్టు దిగడం’. సరుకు నచ్చినా నచ్చనట్టు మొహం పెట్టి, అవతలివాడి కొట్టు మెట్టు దిగి నడిచిపోవాలి. నిదానంగా. వెనక్కి చూడకూడదు. అమ్మేవాడు పిలుస్తాడు. పిలవకుండానే మళ్ళీ మెట్టెక్కినవాడి పరువు అక్కడితో సరి. నేను మెట్టు దిగితే పిలవనివాడు లేడని బజార్లో అనేవారు. ఆ మాట విని కాలరు సవరించుకునేవాణ్ణి.

మా పెద్దక్క మొగుడు సూరిబావ మాత్రం కొట్టు వద్దని విశాఖపట్నం వైపు గోనెసంచుల మిల్లులో చేరాడు. మాకది నామోషీ. ఆయనకది గొప్ప. మిల్లులో సర్కారు బీమా కార్డొకటి ఇచ్చారు, జబ్బు చేస్తే వైద్యం ఉచితం. ఇంటికొచ్చినప్పుడల్లా జేబులోంచి తీసి చూపించేవాడు. “ఒరే బామ్మర్దీ, మీ గల్లాపెట్టి బోర్లించినా ఇలాటిది రాలదురా. ఇది సూపిత్తే డాక్టరే లేచి కుర్చీ ఏత్తాడు.”

పంతొమ్మిదివందల అరవైల్లో ఒక వానాకాలం ఆయన కాళ్ళు వాచి ఇంటికొచ్చాడు. నాలుగడుగులేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక లేచి కూచునేవాడు. మిల్లు డిస్పెన్సరీలో మాత్రలిచ్చి, చీటీ రాసి, ఆసుపత్రిలో లోపలి జబ్బులు చూసే డాక్టరు దగ్గర చేరమన్నారట. కోత డాక్టరు కాదు, లోపలి జబ్బుల డాక్టరు. అందులోనూ ఈ కార్డు తీసుకునేవాడు. ఎక్కడుంటాడు అలాంటివాడు? మా ఊళ్ళో అడిగినచోటల్లా అది రేషన్ కార్డేమోనన్నట్టు చూశారు. ఎలమంచిలిలో ఒకాయన తీసుకుంటాడని ఎవరో అంటే బస్సెక్కాం. తీసుకోవడమైతే తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చదివి, బాగుందని తిరిగిచ్చేశాడు. బావ నవ్వబోయి దగ్గాడు. నాకు చేతనైన విద్య ఒక్కటే, అది ఆడటానికి ఎదురుగా అమ్మేవాడంటూ ఉండాలి కదా. అక్క రోజూ గుమ్మంలో నిలబడి ఏటైందిరా అని అడిగేది. నేను చెప్పులు విప్పుకునే వంకతో తల వంచుకునేవాణ్ణి.

చివరికి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో అలాంటివాడు దొరికాడు. బావని బయట బల్ల మీద కూచోబెట్టి, బేరం నాకొదిలెయ్యమని చెప్పి మరీ నేనొక్కణ్ణే లోపలికెళ్ళాను. డాక్టరు నడివయసు మనిషి, కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. కార్డు చూశాడు. చీటీ చదివాడు.

“ఇది చెల్లుతుంది. చేర్చుకుంటాను. మంచాలు మాత్రం లేవు. ఈ పూటకి వరండాలో చాప మీద పడుకోబెట్టండి, అక్కడే వైద్యం మొదలుపెడతాను.”

చెల్లుతుందన్నాడు. అన్నాళ్ళూ తిరిగింది ఆ మాట కోసమే కదా? మరి నాకేం రోగం? చాప అనగానే నాలోని కొట్టువాడు లేచాడు. మొదట చెప్పిన ధర అసలు ధర కాదని వాడి నమ్మకం. మంచం ఎక్కడో అట్టేపెట్టుకునే ఉంటాడనుకున్నాను.

“మంచం ఇత్తేనే చేరతామండి. లేపోతే ఇంకో ఆసుపత్రి సూసుకుంటాం.”

ఇంకో ఆసుపత్రి లేదని నాకు తెలుసు.

“మీ ఇష్టం. ఆయన్ని ఎక్కువ తిప్పకండి,” అని కార్డు నా చేతిలో పెట్టి, తర్వాతి రోగి నాడి పట్టుకున్నాడు.

మెట్లు దిగాను. నిదానంగా. వెనక్కి చూడలేదు. పిలుపు రాలేదు. ఎందుకొస్తుంది? ఆయన అమ్ముతున్నదేమీ లేదు. మేం పోతే ఆ చాప మీద ఇంకొకడు పడుకుంటాడు. ఇది నాకు తర్వాతెప్పుడో తెలిసిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆఖరి మెట్టు మీదే తెలుసు. వెనక్కెళ్ళి, తప్పయింది బాబూ, ఆ చాపే ఇప్పించండి అంటే సరిపోయేది. కాళ్ళు తిరగలేదు. ఏ బజారు చూస్తోందని? అక్కడ నన్నెరిగిన పురుగు లేదు.

బల్ల మీంచి బావ ఏటన్నాడని అడిగాడు.

“కార్డు సెల్లదంట బావా.”

ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని కండువా కొసతో తుడిచాడు. “సెల్లుద్దనే సెప్పేరే మిల్లోళ్ళు,” అన్నాడు. నన్ను ఓదార్చడానికి కాబోలు, “పోన్లేరా. నీవల్లే కాలేదంటే ఇంకెవడి వల్లవుద్ది,” అన్నాడు.

రైల్లో కిటికీ పక్కన కూచుని ఇంటికొచ్చాడు. ఆ వానాకాలం దాటలేదు.

చాప మీద పడుకున్నా పోయేవాడేమో. ఈ ‘ఏమో’ని పట్టుకుని చాలా ఏళ్ళు తిన్నాను, పడుకున్నాను, గుడ్డ కొలిచాను. కానీ అక్క ఉంది. బావతో పనిచేసినవాళ్ళెవరు పలకరించడానికొచ్చినా చెప్పేది, ఆ ఆసుపత్రికి మాత్రం వెళ్ళకండి, కార్డు చెల్లదని మొహం మీదే చెప్పేస్తారని. నేను పక్కనే కూచుని తలాడించేవాణ్ణి. పాయకరావుపేట వైపు మనిషొకడు తన తమ్ముణ్ణి అక్కడ చేర్పిద్దామనుకుంటూ వచ్చాడు. అక్క మాట విని, మంచిపని చేశావమ్మా చెప్పి, అని దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ తమ్ముడేమయ్యాడో నేను కనుక్కోలేదు. కనుక్కోకపోవడం మరుపు కాదు. భయం.

అక్క ఆ డాక్టర్ని తిట్టుకుంటూనే పోయింది. ఆఖరి రోజుల్లో ఒకసారి నిజం నా నోటిదాకా వచ్చింది. ఏటిరా అని నావైపు చూసింది. దుప్పటి కప్పమంటావా అని అడిగాను.

మిమ్మల్ని క్షమించమనను. ఆ హక్కున్నవాళ్ళెవరూ మిగల్లేదు. ఎవరి ముందూ అననిది ఒక్కసారి ఉన్నదున్నట్టు అనాలి, అంతే. అన్నాక ఏమవుతుందో తెలీదు. ఏమీ కాకపోవచ్చు.

ఆ డాక్టరు కార్డు చెల్లుతుందన్నాడు. మా బావని చేర్చుకుంటానన్నాడు. నేనే తీసుకొచ్చేశాను.