మూడో పేజీలో ఉన్న రాజీనామా

ఏ సమస్యనైనా అనుకూలంగా ఏడు నిమిషాలు, ప్రతికూలంగా ఏడు నిమిషాలు మాట్లాడితే పరిష్కారమైపోతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటుంది. అది మరీ పాతకాలమేమీ కాదు. అప్పుడు తొడుక్కున్న చెప్పులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, పెద్దగా అరగలేదు కూడా. నమ్మకం మాత్రం అరిగింది. కాలేజీలో నాలుగేళ్ళు డిబేట్ జట్టులో ఉన్నాను. అక్కడ నాణెం ఎగరవేసి మనది ఏ పక్షమో తేలుస్తారు. పావుగంటలో ఆ పక్షాన్ని ప్రాణంకన్నా మిన్నగా ప్రేమించడం నేర్పుతారు. నేర్పనిదల్లా ఇంటికొచ్చాక మామూలు మనిషిలా మాట్లాడటం. "అన్నం పెట్టనా?" అని అమ్మ అడిగితే, "ఇప్పుడు పెట్టడమా, లేక సూత్రప్రాయంగానా?" అని స్పష్టత కోరినదాన్ని నేను. (అమ్మ ఆ పూట సూత్రప్రాయంగానే పెట్టింది. నేను బ్రెడ్ తిన్నాను.)

డిగ్రీకి తగిన ఉద్యోగం దొరికేలోపు అని చెప్పి, అమెరికాలో మా ఇంటికి దగ్గరున్న హెర్న్‌డన్‌లో ఒక ఇండియన్ కిరాణా దుకాణంలో క్యాష్ కౌంటర్ దగ్గర చేరాను. యజమాని నిజామాబాద్ వైపు మనిషి. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆయన స్టోర్ అంకుల్. మొదటి రోజున ఆకుపచ్చ ఏప్రన్ ఒకటి ఇచ్చి, దాని మీద నా పేరున్న బిళ్ళ స్వయంగా గుచ్చి, కస్టమర్ అడిగినదానికి జవాబు చెబితే చాలన్నారు. నేను అంతకంటే ఎక్కువే చెప్పాను. బెండకాయలు లేతగా ఉన్నాయా అని ఒకావిడ అడిగితే, పైవరుసలోవి లేతవేనని, కిందివరుసలోవి చర్చనీయాంశమని, మొత్తంమీద కొనడానికీ కొనకపోవడానికీ సమానమైన కారణాలున్నాయని వివరించాను. ఆవిడ వెనక ఆరుగురు బుట్టలు పట్టుకుని నిలబడి శ్రద్ధగా విన్నారు. ఏడుగురూ ఆ వారం బెండకాయలు మానుకున్నారు. మరోసారి కరివేపాకు పెట్టె మీద అంకుల్ 'తాజా' అని రాసిపెడితే, దేనితో పోలిస్తే తాజా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "నిన్నటిదానితోని" అన్నారు. నిన్నటిది కూడా అదే పెట్టెలో ఉందని నేను సాక్ష్యాధారాలతో నిరూపించాను.

అయితే మా ఇద్దరి మధ్య ఎన్నటికీ తెగని వివాదం అడుగు అరలో ఉండేది. అది ఒక అట్టపెట్టె. దాని నిండా గులాబీ పువ్వుల అచ్చులు. పొడవాటి కాడ చివర ఇనుప పువ్వు ఉంటుంది. దాన్ని కాగే నూనెలో వేడిచేసి, తియ్యటి పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి విదిలిస్తే కరకరలాడే పువ్వు ఒకటి విడివడి తేలుతుంది. మా కోస్తా క్రైస్తవుల ఇళ్ళల్లో అవి లేనిదే క్రిస్మస్ వచ్చినట్టు కాదు. (ఈ దేశం వచ్చాక వండేవాళ్ళు తగ్గిపోయి తినేవాళ్ళు మాత్రం యథాతథంగా మిగిలారు.) నేను పనిచేసిన ఏడాదిలో ఒక్క అచ్చు కూడా అమ్ముడుపోలేదు. ప్రతి సోమవారం వాటి దుమ్ము దులపడం నా విధి. అమ్ముడుపోని వస్తువును అరలో ఉంచడం తర్కవిరుద్ధమని, వెంటనే వెనక్కి పంపాలని నేను కనీసం పదిసార్లు వాదించి ఉంటాను. "ఉండనీ బిడ్డా, అవి అన్నం అడుగుతలేవు గద" అన్నది పదిసార్లూ ఆయన ఇచ్చిన సమాధానం. నేను మళ్ళీ దుమ్ముగుడ్డ అందుకునేదాన్ని.

అలా దుమ్ము దులుపుతున్న ఒక సోమవారమే నాకు జ్ఞానోదయమైంది. మన వ్యాపారాలన్నీ సోషల్ మీడియాలో అతిశయోక్తులతో నిండిపోయాయి. ప్రతి బిర్యానీ అద్భుతమే, ప్రతి చీరా అపురూపమే. నిజం చెప్పే సోషల్ మీడియా సంస్థ ఒకటి కావాలి, అది నేనే స్థాపించాలి. ఇంటికెళ్ళి రాజీనామా లేఖ రాశాను. మొదటి పేజీలో ఉద్యోగం యొక్క నైతిక స్వరూపం. రెండో పేజీలో, యజమాని లేవనెత్తగల అభ్యంతరాలు, వాటికి ముందస్తు సమాధానాలు. మర్నాడు అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని, పప్పుల బస్తా మీద కూర్చుని, చదవడం మొదలుపెట్టారు. ఇద్దరు కస్టమర్లు వచ్చి వెళ్ళారు. చివరికి తలెత్తారు.

"ఇందుల మానేస్తున్నా అని యాడ రాసినవ్ బిడ్డా?"

"మూడో పేజీలో ఉంది అంకుల్."

"నా కండ్లు రెండో పేజీ దాకనే పనిచేస్తయి" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

నేను నోటితోనే చెప్పాల్సి వచ్చింది. చెప్పడమే కాక, ఆవేశంలో ఒక పందెం కూడా ప్రకటించాను. క్రిస్మస్ లోపల నా క్లయింట్ ఒక్కరైనా తనంతట తాను "తృప్తిగా ఉంది" అని నలుగురిలో అంటే నేను గెలిచినట్టు. అనకపోతే వచ్చి మళ్ళీ ఏప్రన్ కట్టుకుంటాను. ఆపైన వ్యాపారం ఊసెత్తను. అంకుల్ నా ఏప్రన్ తీసుకెళ్ళి కౌంటర్ వెనక మేకుకు తగిలించారు, బిళ్ళ బయటికి కనిపించేలా.

సంస్థకు 'పక్షం-ప్రతిపక్షం మీడియా' అని పేరు పెట్టాను. కార్యాలయం మా బేస్‌మెంట్. సిబ్బంది నేను. కెమెరా పట్టుకోవడానికి ఇక్కడే పుట్టిపెరిగిన మా తమ్ముడు ఒప్పుకున్నాడు, కార్ తాళాలు వారానికి రెండు రోజులు ఇవ్వాలన్న షరతు మీద. మా తెలుగు చర్చిలో పువ్వుల ఆంటీ అని ఒకావిడ ఉంది. నరసాపురం వైపు మనిషి. ఏటా క్రిస్మస్‌కి రెండు పెద్ద స్టీలు డబ్బాల నిండా గులాబీ పువ్వులు వండి తెచ్చేది. ఆరాధన ముగిసిన పది నిమిషాల్లో డబ్బాలు ఖాళీ. వాటిని ఎవరు చేశారో కూడా సగం మందికి తెలియదు. నేను వ్యాపారం పెట్టానని విని, ఆవిడ నన్ను పార్కింగ్‌లో పక్కకు పిలిచింది.

"ఇన్నేళ్ళూ ఊరికే పెట్టానమ్మా. ఒక్కసారి ఎవరైనా నా పువ్వులే కావాలని అడిగి, ఆర్డర్ ఇచ్చి పట్టికెళ్తే చూడాలనుంది. అవుతుందంటావా?"

అవుతుందనడానికీ అవదనడానికీ ఆధారాలున్నాయని చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి, జీవితంలో మొదటిసారి సగంలోనే ఆగాను. అవుతుందన్నాను. అలా ఆవిడ నా మొదటి క్లయింట్ అయింది.

నేను రాసిన మొదటి ప్రకటన నాకింకా కంఠస్థం: "ఈ గులాబీ పువ్వులు కరకరలాడుతాయి. అయితే నూనెలో వేయించిన పదార్థమని గమనించగలరు. రుచి వ్యక్తిగతం." మా తమ్ముడు దాన్ని ఫోన్‌లో రెండుసార్లు చదివాడు. "అక్కా, ఇది యాడ్ కాదు. ఇది కోర్టు వాళ్ళు పంపే జ్యూరీ డ్యూటీ నోటీసు" అన్నాడు. వాడి విమర్శలో పస లేదని నేను నిరూపించాను గానీ, ఆ ప్రకటనకు వచ్చిన స్పందన మొత్తం ఒక్కటే, అది కూడా వాడు జాలిపడి పెట్టిన బొటనవేలు. కాబట్టి వీడియో తీయాలని నిర్ణయించాం.

థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం, నవంబరు చివర్లో, ఆంటీ వంటింట్లో చిత్రీకరణ. ఆవిడ ఆదివారం కట్టుకునే పట్టుచీర కట్టుకుని, దాని మీద వంట ఏప్రన్ వేసుకుని, పొయ్యి పక్కన ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. నేను మధ్యవర్తి స్థానంలో, తటస్థంగా, కెమెరా పక్కన. సాక్షికి జవాబు అందించే ప్రశ్న వేయకూడదన్నది నా నియమం. కనుక సూటిగానే అడిగాను: "ఆంటీ, జనం మీ గులాబీ పువ్వులు ఎందుకు కొనాలి?"

ఇక్కడే నా చదువంతా తప్పింది. ఇలాంటి ప్రశ్నకు అమెరికన్ అయితే పదినిమిషాలు తన గొప్ప తాను చెప్పుకుంటాడు. మనవాళ్ళలో, అందులోనూ ఒక నరసాపురం గృహిణిని పట్టుకుని నీ వంట గొప్పేమిటని ముఖం మీద అడిగితే ఆవిడేం చెబుతుంది?

"అయ్యో, కొనడమెందుకమ్మా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా? ఇలా రా, చూపిస్తాను" అంది.

చూపించింది. బియ్యప్పిండి ఎంత, మైదా ఎంత, కొబ్బరిపాలు ఎంత పల్చగా ఉండాలి, కొత్త అచ్చును ముందురోజే గంజిలో ఎందుకు నానబెట్టాలి, పిండిలో ముంచేటప్పుడు అచ్చు పైఅంచు ఎందుకు మునగకూడదు (మునిగితే పువ్వు అచ్చుని పట్టుకుని వదలదట). పదకొండు నిమిషాల పాటు, నవ్వుతూ, మధ్యలో నాకొకటి తమ్ముడికొకటి నోట్లో పెడుతూ, తన వ్యాపార రహస్యం ఆసాంతం లోకానికి అప్పగించింది. మొత్తం తీసేసి చివర పువ్వు తేలే ముక్క మాత్రం ఉంచుదామని తమ్ముడు బతిమాలాడు. సాక్ష్యాన్ని కత్తిరించడం మోసమన్నాను. ఉన్నది ఉన్నట్టు పెట్టేశాం.

అది ఎలా పాకిందో నేనిప్పటికీ వివరించలేను. ఆష్‌బర్న్ తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపుల్లోంచి టెక్సస్‌కు, అక్కడి నుంచి ఎవరి పిన్నిగారి ఫోన్‌కో, తిరిగి మా అమ్మ ఫోన్‌కు 'ఈవిడెవరో భలే చెప్పింది' అన్న మాటతో వచ్చి చేరింది. నేను బేస్‌మెంట్‌లో గంతులేశాను. వారం గడిచింది. వీక్షకులు వేలల్లో ఉన్నారు, ఆర్డర్లు సున్నా. ఆంటీకి ఫోన్లు మాత్రం ఆగకుండా వస్తున్నాయి. ఒకరికి పిండి పల్చనైందట, ఒకరికి పువ్వు రానంటోందట, ఇంకొకాయనకు అచ్చు నూనెలో జారిపడిందట, ఎలా తీయాలట. ఆవిడ స్పీకర్ పెట్టుకుని, తన ఇంటి పని చేసుకుంటూ, అందరికీ ఉచితంగా ఉపదేశిస్తోంది. నేను ఒక వ్యాపారాన్ని నిర్మించబోయి, ఆ వ్యాపారానికి ఉండగలిగిన కస్టమర్లందరికీ దాని అవసరం లేకుండా చేశానని అప్పటికి అర్థమైంది.

కానీ ఇంతమందికి అచ్చులెక్కడివి? ఆ అనుమానంతో హెర్న్‌డన్ వెళ్ళాను. దుకాణంలో వరుస తలుపు దాకా ఉంది. అడుగు అర ఖాళీ. స్టోర్ అంకుల్ చెవికి ఫోన్ ఆనించుకుని న్యూజెర్సీ టోకు వ్యాపారితో ఇంకో రెండు పెట్టెల అచ్చుల కోసం బేరమాడుతున్నారు. నన్ను చూసి ఫోన్ పక్కకు జరిపారు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా?" అని, అడుగు అర వైపు ఒక్కసారి చూపు సారించి, మళ్ళీ బేరంలోకి వెళ్ళిపోయారు. నాలుగేళ్ళ డిబేట్‌లో ఇంత మర్యాదగా నన్నెవరూ ఓడించలేదు. మేకు మీద ఏప్రన్ అలాగే ఉంది.

క్రిస్మస్ ముందు ఆదివారం చర్చిలో విందు. నా గడువు లోపల నలుగురూ కలిసే చివరి రోజు అదే. పందెం సంగతి తమ్ముడి ద్వారా అందరికీ తెలిసిపోయింది. ఆంటీ ప్రత్యేకంగా పిలిచిందని అంకుల్ కూడా వచ్చారు. హాల్లోకి వెళ్ళేసరికి బల్ల నిండా గులాబీ పువ్వులే. పదమూడు కుటుంబాలు పదమూడు పళ్ళేలు తెచ్చాయి. మాడినవి, ముక్కలైనవి, గులాబీ కంటే కాలీఫ్లవర్‌ను ఎక్కువగా పోలినవి, ఒక పళ్ళెంలో అయితే పువ్వు, అచ్చు విడదీయరాని స్థితిలో కలిసే వచ్చాయి. ఆంటీ తన డబ్బాలు తేలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఆవిడ ఒక్కో పళ్ళెం దగ్గర ఆగి రుచి చూస్తూ నడుస్తుంటే, వెనకాలే నేను, శిక్ష వినబోయే ముద్దాయిలా. చివరి పళ్ళెం దగ్గర ధైర్యం చేసి అడిగాను.

"ఆంటీ, ఒక్క ఆర్డర్ కూడా రాలేదు. మీరు నిజమే చెప్పండి. నేను ఏప్రన్ కట్టేసుకుంటాను."

ఆవిడ నోరు తెరిచేలోపు అంకుల్ అడ్డొచ్చారు. చేతిలో మాడిన పువ్వు ఒకటి ఉంది. ఆంటీ వైపు తిరిగి, అంగట్లో టోకు బేరం చేసే గొంతుతో, "అక్కా, నాకు ముప్పై డబ్బాలు గావాలె. నీ చేత్తోని చేసినవే. మంగళారం వరకు" అన్నారు.

ఇంటింటా అచ్చులు పెట్టుకున్నాక కొనేదెవరని అడిగాను. "అచ్చు కొన్నోళ్ళు ఒకసారి చేస్తరు, రెండుసార్లు చేస్తరు. చెయ్యి కాల్చుకున్నంక దుకాణంకొస్తరు బిడ్డా. అప్పుడు వాళ్ళకు అక్క పువ్వు విలువ ఎరుక" అన్నారు. ఏడు నిమిషాల వాదనను ఆయన అర నిమిషంలో ముగించారు. ఆంటీ చీర చెంగుతో చేతులు తుడుచుకుని, "నా చేత్తో చేసినవే అన్నారు, విన్నావా? నాకు తృప్తిగా ఉందమ్మా" అంది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. పందెం నేనే గెలిచాను. ఎవరి వాదన వల్ల గెలిచానో మాత్రం బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

(ఇంట్లో వండినవి దుకాణంలో అమ్మడానికి అనుమతి కావద్దా అని అనుమానించే పాఠకులకు మనవి: ఆ దరఖాస్తులు మొదటి వారంలోనే నింపి పెట్టాను. నా సంస్థ సకాలంలో చేసిన పని అదొక్కటే. ఆ ఫారాల్లో రెండో పక్షం రాయడానికి చోటు లేకపోవడం వల్ల త్వరగా పూర్తయింది.)

మంగళవారం డబ్బాలు వచ్చాయి. కౌంటర్ దగ్గర జనం, అంకుల్ ఒక్కరే. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి మేకు మీది ఏప్రన్ తీసి కట్టుకున్నాను. డబ్బాల ముందు పెట్టడానికి ఒక అట్ట మీద ఏదైనా రాయమని అంకుల్ పెన్ను ఇచ్చారు. చాలాసేపు ఆలోచించి, "బాగుంటాయి" అని రాశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, అట్టను వెనక్కి తిప్పి కూడా చూశారు.

"ఇంకో పక్షం లేదా బిడ్డా?"

"లేదు అంకుల్."

ఇప్పుడు నా సంస్థకు ఆష్‌బర్న్‌లో కిటికీ ఉన్న గది ఒకటి ఉంది; పేరులోంచి ప్రతిపక్షాన్ని తొలగించాను. ప్రతి డిసెంబరులోనూ ఒక వారం వెళ్ళి ఆ కౌంటర్ దగ్గర నిలబడతాను. బెండకాయల గురించి ఎవరైనా అడిగితే పైవరుసలోవి ఏరి సంచిలో వేసి ఇస్తాను. నా లేఖ ఇంకా అంకుల్ దగ్గరే ఉంది, క్యాలెండర్ వెనక, అదే మడతతో. అంతటి లేఖ రాసిన ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మూడో పేజీ ఆయన ఈనాటికీ చదవలేదు. కాబట్టి నియమాల ప్రకారం చూస్తే నేనింకా రాజీనామా చేయనట్టే. ఈ ఒక్క అంశం మీద మాత్రం ఎవరితోనూ వాదించదలచుకోలేదు.