పత్తికట్టె పీకిన తర్వాత

ఆ ఫిబ్రవరిలో మా బడి వెనక చేనులో పత్తికట్టె పీకేశారు. అంతవరకు ఆ చేనే మా ఆడపిల్లలకు చాటు. నడుమెత్తు పెరిగిన పత్తి మొక్కల వెనక్కి ఇద్దరిద్దరు కలిసి వెళ్లేవారు. ఒకరు లోపలికి పోతే ఒకరు గట్టు మీద కాపలా నిలబడేవారు. కట్టె పీకి కుప్ప వేయగానే ఎర్రటి చెలక నేల అంతా బయటపడింది. రోడ్డు మీద పోయే మోటారు సైకిళ్ల వాళ్లకు కూడా మా బడి వెనక గోడ కనబడసాగింది.

ఇది నేను గమనించలేదు. ఆ బడికి వచ్చి రెండేళ్లయింది, నేనూ ఆడదాన్నే, అయినా గమనించలేదు. స్టాఫ్ రూం పక్కన టీచర్లకు వేరే మరుగుదొడ్డి ఉంది. దాని తాళంచెవి నా బల్ల సొరుగులోనే ఉండేది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మర్రిగూడ వైపు పోయే బస్సులో వెళ్లి, దిగి, ఒక కిలోమీటరు నడిస్తే వచ్చే ఊరు అది. బడి ఎనిమిదో తరగతి దాకా ఉండేది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు నేను తెలుగు చెప్పేదాన్ని. ఆడపిల్లల కోసం అంతకుముందు ఏడాదే రెండు కొత్త మరుగుదొడ్డి గదులు కట్టారు. గోడలకు నీలం టైల్సు వేశారు, తలుపుల మీద నవ్వుతున్న పాప బొమ్మ గీయించారు. కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగారు. ఆ సాయంత్రమే తాళం వేశారు. పిల్లలు పాడుచేస్తారని, కడిగే మనిషి లేడని మా హెడ్మాస్టరు చెప్పారు. ఆయన నెమ్మదైన మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవారు కాదు. అందరం సరే అన్నాం.

శివరాత్రి దాటిన దగ్గర్నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యేదాకా మా బడికి సందడి రోజులు. సైన్సు దినోత్సవం, స్వపరిపాలన దినం, వార్షికోత్సవం ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఎనిమిదో తరగతి వాళ్లకు వీడ్కోలు కూడా అప్పుడే. వీటన్నిటి కబుర్లు రాయడానికి నేను ఒక గోడపత్రిక మొదలుపెట్టించాను. ప్రతి శనివారం వరండా గోడకు ఒక చార్టు అంటించేవాళ్లం. కబడ్డీలో ఎవరు గెలిచారు, ఎవరి ఇంట్లో బర్రె ఈనింది, బస్సు ఏ రోజు రాలేదు, ఇవన్నీ పిల్లలే రాసేవారు. దాని బాధ్యత ఏడో తరగతి పిల్ల ఒకామెకు ఇచ్చాను. సన్నగా, పొడుగ్గా ఉండేది. చేతిరాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేది. తల్లి కూలికి పోయేది. తండ్రి లేడు.

ఆ శనివారం చార్టులో కింద మూలకు ఆ పిల్ల ఇలా రాసింది: "బడి ఎన్క చేన్ల పత్తికట్టె పీకిండ్రు. ఆడపిల్లలు ఎటు పోవాలె? కొత్త బాత్రూంలకు తాళం ఉన్నది. అందుకే మేము బడిల నీళ్లు తాగుత లేము."

నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఎర్ర పెన్ను తీసి 'ఎన్క'ను 'వెనుక' అని దిద్దాను. 'చేన్ల'ను 'చేనులో' అన్నాను. 'పీకిండ్రు'ను 'పీకారు' చేశాను. అప్పుడు గానీ ఆఖరి వాక్యం నా తలకెక్కలేదు. ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి కూర్చుండిపోయే పిల్లలు గుర్తుకొచ్చారు. పొద్దున అన్నం తిని రావడం లేదని వాళ్లను నేనే కోప్పడేదాన్ని. అన్నం కాదు సంగతి. పొద్దున ఇంట్లోనే నీళ్లు మానేసి, నాలుగున్నర దాకా గొంతు తడుపుకోకుండా కూర్చుంటున్నారు.

చార్టు గోడకెక్కింది. సోమవారం హెడ్మాస్టరు నన్ను పిలిచారు.

"మేడం, వార్షికోత్సవానికి పెద్దలొస్తున్నరు. గోడ మీద గిది చదివిపిస్తమా వాళ్లతోటి?" అని మెల్లగా అడిగారు.

గదులు తెరిపిస్తే ఆ వార్తే ఉండదు కదా అన్నాను. ఆయన నవ్వారు.

"ఇంక పదిహేను రోజులైతే ఒంటిపూట బడులు. పన్నెండున్నరకు ఇంటికి పోతరు. ఇగ అవసరమేమున్నది?"

ఎంత తేలిగ్గా అన్నారో! పన్నెండేళ్ల పిల్లలు ఇంకో పదిహేను రోజులు బిగపట్టుకోవాలని ఆయన లెక్క. ఆ తర్వాత ఎండాకాలం సెలవులు, ఆ తర్వాత మళ్లీ పత్తి మొలుస్తుంది, సమస్య తీరిపోతుంది. నా నోటిదాకా జవాబు వచ్చింది. మింగేశాను. మంచి టీచరని, గొడవలు పెట్టుకోదని ఆ బడిలో నాకు పేరు. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేక వరండాలోకి వెళ్లి చార్టును నా చేతులతో నేనే పీకాను. ఆ పిల్ల ఏడో తరగతి గుమ్మంలో నిలబడి చూసింది. నేను తల వంచుకుని స్టాఫ్ రూంలోకి వెళ్లిపోయాను.

ఆ గురువారం స్వపరిపాలన దినం. ఆ ఒక్క రోజు పిల్లలే పంతుళ్లు. ఆడపిల్లలు తల్లుల చీరలు కట్టుకుని, మగపిల్లలు అన్నల ప్యాంట్లు మడిచి తొడుక్కుని వచ్చారు. హెడ్మాస్టరుగా ఎవరుండాలో పిల్లలే చేతులెత్తి తేల్చుకుంటారు. వాళ్లు ఆ గోడపత్రిక పిల్లను ఎన్నుకున్నారు. ఆమె తన తల్లి ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది. కుచ్చిళ్లు జారకుండా చుట్టూ పిన్నీసులు పెట్టుకుంది. మా హెడ్మాస్టరు సారు తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి ఫొటో తీయించారు. తర్వాత వరండాలో కూర్చుని పేపరు చదువుకోసాగారు.

ఆమె హాజరు పుస్తకం చూసింది. రెండు తరగతులకు వెళ్లి పాఠాలు ఎలా చెబుతున్నారో చూసింది. ఆ తర్వాత, బడిలో గంట కొట్టి గదుల తాళాలు తీసే పెద్దాయన దగ్గరికి వెళ్లింది. నేను ఆరో తరగతి వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాను.

"తాతా, కొత్త బాత్రూంల తాళంచెవి ఇయ్యి," అంది.

"సారు చెప్తెనే ఇస్త, బిడ్డా."

"ఇయ్యాల సారును నేనే."

పెద్దాయన ఒకసారి వరండా వైపు చూశాడు. పేపరు వెనక సారు ముఖం కనబడటం లేదు. ఆ పెద్దాయన మనవరాలు మా బడిలోనే ఆరో తరగతి. ఆయన నడుముకున్న గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నేను లేచి వెనకే వెళ్లాను. అప్పటికే పది పన్నెండు మంది ఆడపిల్లలు గుమిగూడారు. తాళం తుప్పు పట్టి ఉంది. ఆ పిల్ల రెండు చేతులతో తిప్పి తెరిచింది. లోపల గడ్డకట్టిన సిమెంటు బస్తాలు, ఖాళీ రంగు డబ్బాలు, ఒక విరిగిన బెంచీ ఉన్నాయి. ఆమె వాటిని దాటుకుని వెళ్లి నల్లా తిప్పింది. చుక్క రాలేదు. ఇంకో గదిలోదీ తిప్పింది. రాలేదు. నేను గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి చూశాను. నల్లా ఉన్నచోట గోడకు ఇవతల ఏమీ లేదు. పైపే వేయలేదు. గోడలో ఒక నల్లా గుచ్చి, దాని ముందు నిలబడి రిబ్బను కత్తిరించి, చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. ఆ రోజు చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

సారు వచ్చారు. ఆయన గొంతు పెంచడం మొదటిసారి విన్నాను.

"ఆట ఆట లెక్కనే ఉండాలె. తాళంచెవి ఇటియ్యి."

"సార్, నల్లాకు పైపే లేదు," అంది ఆ పిల్ల.

"ఇటియ్యుమన్ననా లేదా?"

ఇచ్చేసింది. ఆయన తలుపులు మూసి తాళం వేశారు. స్వపరిపాలన అయిపోయిందని, అందరూ బట్టలు మార్చుకుని క్లాసులకు పోవాలని చెప్పారు. అప్పటికి ఇంకా పదకొండు కూడా కాలేదు. పిల్లలు మార్చుకోవడానికి వేరే బట్టలు తెచ్చుకోలేదు. అలాగే చీరల్లో తలలు వంచుకుని బెంచీల మీద కూర్చున్నారు.

స్టాఫ్ రూంలోకి వెళ్లి, సొరుగు లాగి, టీచర్ల మరుగుదొడ్డి తాళంచెవి తీశాను. ఏడో తరగతికి వెళ్లి అందరి ముందు ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇవాళ్టి నుంచి ఆడపిల్లలందరూ అక్కడికే వెళ్లండి, తాళంచెవి మీ దగ్గరే ఉండనీ అన్నాను. గుమ్మంలో సారు నిలబడి ఉన్నారు.

"మేడం, మీరు గూడనా?" అన్నారు.

"నేను ముందే చెయ్యాల్సింది సార్," అన్నాను.

మరునాడు పొద్దున ఆ పిల్ల తల్లి వచ్చింది. వెంట ఇంకో ఐదుగురు ఆడవాళ్లు. అందరి చంకల్లో నీళ్ల బిందెలు. కూలికి పోయే వేళ అది. ఆమె నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్లింది. అరవలేదు.

"పైపు మీరు ఎప్పుడన్న ఏయుండ్రి సారు. అప్పటిదాంక నీళ్లు మేం మోస్తం. తాళం మాత్రం ఎయ్యకుండ్రి," అంది.

ఆయన తాళంచెవి ఇవ్వక తప్పలేదు. ఆ ఆడవాళ్లే సిమెంటు బస్తాలు ఈడ్చి బయట పడేశారు, గదులు కడిగారు, ఒక డ్రమ్ము తెచ్చి పెట్టి నింపారు. ఆ రోజు నుంచి వంతులు వేసుకుని రోజూ పొద్దున ఇద్దరు వచ్చి నీళ్లు పోసి పోయేవారు. ఒంటిగంట దాకా చేనులో నడుం వంచాల్సిన వాళ్లు, అంతకుముందే బోరింగు దగ్గర్నుంచి బడికి నీళ్లు మోస్తున్నారు. ఎవరో మింగిన పైపుకు బదులు వీళ్ల నడుములు.

నాలుగు రోజులకు పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. 'ఆదర్శంగా నిలిచిన తల్లులు' అని శీర్షిక. ఫొటోలో బిందెలతో ఆ ఆడవాళ్లు, మధ్యలో మా సారు. హెడ్మాస్టరు చొరవతో, ఆయన పిలుపు మేరకు అని రాశారు. పైపు సంగతి ఒక్క ముక్క లేదు. సారు దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించారు. ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివాను. అబద్ధాన్ని ఇంత శుభ్రంగా, ఒక్క అక్షరదోషం లేకుండా అచ్చువేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

వార్షికోత్సవం మార్చి రెండో వారంలో జరిగింది. ఏ బడిలోనైనా మైకు తెలుగు టీచరుదే. పిల్లల కోలాటం అయింది, బహుమతులు అయ్యాయి. బడి వార్తలు చదవాల్సింది మా గోడపత్రిక పిల్లే. సారు ఆమె పేరు కొట్టేసి వేరే వాళ్లతో చదివించారు. ఆమె కింద మూడో వరుసలో కూర్చుంది. చివర్లో ముఖ్య అతిథి చేతుల మీదుగా హెడ్మాస్టరుకు శాలువా కప్పించాలని చీటీ వచ్చింది. నేను పిలవాలి.

మైకు పట్టుకుని నిలబడ్డాను. "సారుకు శాలువా కప్పే ముందు ఒక్క మాట," అన్నాను. ఆ రెండు గదులకు ఏడాదిగా పైపు లేదని, మొన్నటిదాకా తాళం ఉందని, ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేశారని చెప్పాను. ఆ తాళం తీయించింది ఫలానా పిల్ల అని, నీళ్లు మోస్తున్న తల్లులు అదిగో వెనక నిలబడి ఉన్నారని, వాళ్లకు కుర్చీలు కూడా వేయలేదని చెప్పాను. గోడపత్రిక చార్టు పీకింది నేనేనని కూడా చెప్పాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతిథి గొంతు సవరించుకుని, తప్పకుండా చూస్తామన్నారు. శాలువా మాత్రం సారుకే కప్పారు. సభ అయ్యాక తోటి పంతులు ఒకాయన నా పక్కకు వచ్చి, ఇంట్లో సంగతి బజారులో పెట్టడం బాగాలేదన్నారు. పిల్లలు బట్టబయలు చేలో కూర్చుంటే లేని బజారు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు.

వారానికి పై ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. సభా మర్యాద పాటించలేదట, సంజాయిషీ ఇవ్వాలట. గోడ వెనక వైపు తీసిన ఫొటో ఒకటి జతచేసి, జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాసి పంపాను. దానికి జవాబు రాలేదు. వేసవి సెలవుల్లో మాత్రం ఎవరో మనుషులు వచ్చి రెండు రోజుల్లో పైపు వేసి పోయారు. రెండు రోజుల పని! దాని కోసం ఏడాది పాటు పిల్లలను చేలోకి తోలారు, ఆఖరికి గొంతులు ఎండగట్టారు. జూన్లో బడి తెరిచాక సారు నల్లా తిప్పి అందరికీ చూపించారు. నేను చూడటానికి వెళ్లలేదు. నాకు సంతోషం కలగలేదు, కలగాలని కూడా అనిపించలేదు.

ఆ పిల్ల ఆ జూన్లో మా బడికి రాలేదు. ఒకరోజు సాయంత్రం బస్సు కోసం నిలబడితే, ఆమె తల్లి చేను దగ్గర్నుంచి వస్తూ కనబడింది. బిడ్డను ఎక్కడ వేశావని అడిగాను. గురుకులంలో ఎనిమిదో తరగతికి సీటు వచ్చిందని చెప్పింది. మంచిదే, అక్కడ చదువు బాగుంటుందన్నాను.

"సదువు సంగతి నాకేం తెలుస్తది మేడం," అంది. "పిల్లలు పండుకునే గదులు సూపిస్తమన్నరు. ముందుగాల బాత్రూంలు సూపియ్యుండ్రి అన్న. నల్లాలన్ని నేనే తిప్పి సూసిన. నీళ్లొచ్చినయి. అప్పుడే చేర్చుకునే కాయితం మీద ఏలిముద్ర ఏసిన."

బస్సు వచ్చింది. ఆమె నేల మీదున్న నా సంచీ అందించి, చేలో పని చేసిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఊరివైపు నడిచింది.